ఎడమవైపు బరువు

కమాన్ల మేస్త్రి జీపు వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని, టైరుకూ పైరేకుకూ మధ్య చెయ్యి దూర్చాడు. కుడివైపు జానెడు సందుంది. ఎడమవైపు నాలుగు వేళ్లు పెట్టేసరికే ఇరుకైపోయింది. చెయ్యి లాక్కుని, చొక్కాకు తుడుచుకుని, మళ్లీ దూర్చాడు. పొద్దుటినుంచీ చేస్తున్న పనే.

జీపు తెచ్చిన మొగుడూ పెళ్లాలు షెడ్డు బయట ఎండలో నిలబడి ఉన్నారు. కొండల్లో గుడారం వేసుకుని నాలుగు రోజులు గడపడం వాళ్ల సరదా. గుడారం, మడత మంచాలు, పొయ్యి, నీళ్ల డబ్బాలు అన్నీ వెనకే కుక్కేసరికి బండి చతికిలబడింది. హెడ్‌లైట్లు రోడ్డు మానేసి చెట్ల కొమ్మలు చూస్తున్నాయి. గతుకు తగిలితే చాలు, ఇరుసు పైకొచ్చి ఠంగుమంటోంది.

మేస్త్రికి ఇదేం కొత్త కాదు. సామానంతా దింపించాడు. ఇరుసుమీద బండిని ఆపే, సాగిపోయిన కమాను పట్టీలను కొలిమిలో కాల్చి, సుత్తితో మళ్లీ వంపు తెచ్చి, నూనెలో ముంచి పదును పెట్టాడు. బరువు మోయడానికి రెండువైపులా ఒక్కో మందపాటి పట్టీ అదనంగా చేర్చాడు. బిగించి జాకీ దింపితే కుడివైపు బుద్ధిగా లేచింది. ఎడమవైపు లేవలేదు. ఖాళీ బండి!

కొలిమి దగ్గర గాలి కొట్టే అతని భార్య లేచి వచ్చింది.

"కమాను కట్టలు అటువి ఇటు మార్చి చూడకపోయావా?"

"మార్చా. ఏది బిగించినా ఎడమే కుంగుతోంది."

"లోపల ఏమన్నా ఉండిపోయిందేమో."

"ఏముంది, వట్టి సీటు."

ఆవిడ అద్దంలోంచి తొంగి చూసి, ఎందుకో పైట భుజం చుట్టూ లాక్కుంది.

మేస్త్రి బతుకంతా ఆ షెడ్డులోనే తెల్లారింది. కుంగినవాటిని లేపడమే అతని పని. ఎక్కడెక్కడికో పోయే బళ్లు అతని చేతిమీదుగా పోయాయి గానీ అతనెక్కడికీ పోలేదు. ఓసారి చూసొద్దాం ఆ కొండలని భార్య అడిగినప్పుడల్లా "ఈ ఒక్క బండీ అయిపోనీ" అనేవాడు. బళ్లు అయిపోలేదు. ఆవిడ అడగడం మానేసింది. బరువు లేకుండా ఇనుము వంగడం మాత్రం అతను ఇంతవరకూ ఎరగడు.

జీపువాళ్లావిడ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"మా మామగారు ఎప్పుడూ వెనక సీట్లో ఆ ఎడమ మూలే కూర్చునేవారండీ. పోయినసారి కొండమీద, పొద్దున్నే లేపుదామని తలుపు తీస్తే... అందులోనే పోయారు. అప్పట్నుంచీ బండి ఇంతే."

"మేస్త్రిగారికి అవన్నీ ఎందుకే?" అన్నాడు మొగుడు. అతను పొద్దుటినుంచీ ఆ సీటువైపు ఒక్కసారి కూడా చూడలేదని మేస్త్రికి అప్పుడు తట్టింది.

మేస్త్రి నవ్వలేదు. నీళ్ల డబ్బాలను ముందు సీట్ల వెనక్కి జరిపించి, సామానంతా సర్దించాడు. "తోలండి బాబూ, వాగుదాకా వెళ్లొద్దాం. వెనక కూర్చుని వింటే గానీ కమాను సంగతి తెలీదు."

"అన్నం తిని పోరాదూ?" అంది భార్య.

"వచ్చి తింటాలే."

సామాను పోను మిగిలిన కాస్త చోటులో, కుడివైపుకు ఒదిగి కూర్చున్నాడు. అద్దాలన్నీ మూసి ఉన్నా పక్కనుంచి చల్లగా తగులుతోంది. గతుకుల దారి మొదలైంది. కుడి కమాను హాయిగా ఊగుతోంది. ఎడమది మూలుగుతోంది, ఇనుప మూలుగు కాదది. మేస్త్రి చెవి అటు ఒగ్గి చాలాసేపు విన్నాడు.

"పెద్దాయనా," అన్నాడు చివరికి, మెల్లగా. "బండి మీదే, కాదన్నదెవరు? ఆ మూలనే కూర్చుంటే ఎలా? కాస్త ఇటు జరగండి. నా పక్కన చోటుంది."

పెద్దాయన కొడుకు తోలుతూనే తల ఎత్తాడు. అద్దంలో చూస్తే మేస్త్రి ఎవరికో చోటిస్తున్నట్టు బండి అంచుకి ఇంకా ఒదుగుతున్నాడు. అంతలో వెనకభాగం మెత్తగా లేచింది. గాలిలో తేలుతున్నట్టుండే స్టీరింగు మీద కొడుకు చేతికి పట్టు దొరికింది.

చాలా దూరం వెళ్లాక అతను అడిగాడు. "నాన్న... ఏమన్నా అంటున్నారా?"

"వాగు దగ్గర ఆపమంటున్నారు. దిగుతారట."

ఆపాడు. దిగి రెండు చక్రాల దగ్గరా చెయ్యి దూర్చి చూశాడు. అటూ ఇటూ ఒకే సందు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "మేస్త్రిగారూ, సమంగా లేచింది, చూద్దురుగాని!" అంటూ వెనక తలుపు తీశాడు. మేస్త్రి అద్దానికి తల ఆనించి, ఏదో వింటున్నవాడిలా కళ్లు సగం మూసుకుని ఉన్నాడు. ఊపిరి లేదు.

జీపు తిరిగొచ్చేసరికి మేస్త్రి భార్య గుమ్మంలోనే ఉంది. అలవాటు కొద్దీ ముందు బండి వెనకభాగం చూసింది. "లేచిందే!" అంది సంబరంగా. ఆ తర్వాత చూసింది, దిగుతున్నవాడి ముఖం.

జరగాల్సినవన్నీ జరిగాక, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, కొలిమి ఆర్పుదామని ఆవిడ ఒక్కతే షెడ్డులోకి వచ్చింది. జీపు నిలబడిన చోట, బండి కిందికి దూరడానికి అతను పరుచుకున్న అట్ట అలాగే ఉంది. దానిమీద నూనె మరకల్లో అతని భుజాలూ వీపూ అచ్చు పడ్డాయి. అంత వెడల్పు అట్టమీద ఆ అచ్చు ఒక అంచుకు ఒదిగి ఉంది, పక్కన ఇంకొకరికి చోటు వదిలి.