అమ్మ ఏ దవాఖానల ఉంది?

చిక్కడపల్లిల ఓ మేడ మీద, ఐతారం ఐతారం కొంతమంది గుండ్రంగ కూసుంటరు. అందరు పెద్దోళ్లే, గని బుద్ధి జర నిమ్మళంగ నడిచెటోళ్లు. స్వరూప మేడం వాళ్లతోని మనసుల మాట చెప్పిస్తది. ఆడ కట్టుబాటు ఒక్కటే. బట్టబంతి ఎవరి చేతికొస్తే వాళ్లు మాట్లాడాలె, తప్పించుకోవద్దు.

గోవర్ధన్ తమ్మున్ని అశోక్‌నగర్ కెల్లి తోల్కొచ్చి, తలుపు బయట బెంచీ మీద కూసున్నడు. తమ్ముడు ప్రహ్లాద్‌కు నలభై దాటినయి, గడ్డం గూడ నెరిసింది. బంతి ఆయనకొచ్చింది.

"మా అమ్మ ఏ దవాఖానల ఉంది?" అన్నడు ప్రహ్లాద్. "నన్ను బర్కత్‌పుర అత్తమ్మ ఇంట్ల ఉంచిండ్రు. ఇంటికొస్తే అమ్మ మంచం లేదు."

బయట గోవర్ధన్‌కు ఆ మాట ఇనొచ్చింది. అమ్మ పోయి నెల దాటింది. వానికి దవాఖానల ఉందని చెప్పి, అసలు సంగతి చెప్పొద్దని మేడంతోని గూడ మాట తీస్కున్నడు.

చేతుల బంతి లేకున్నా, పక్కన కూసున్న కిష్టమ్మ ఊకుంటదా! "మా నాయన గూడ ఊరికి పోయిండన్నరు. ఇంగ రాలే. గంత దూరం ఏ బస్సు పోతది మేడం?"

ఎవ్వలు నవ్వలే.

ప్రహ్లాద్ లేశిండు. మెల్లగ తలుపు దాటొచ్చి, బంతి అన్న చేతుల పెట్టిండు.

"ఇగ నువ్వు చెప్పాలె అన్నా."

గోవర్ధన్ బంతిని మేడం దిక్కు చాపిండు. ఆమె తీస్కోలే.

"అమ్మ లేదురా," అన్నడు. "సచ్చిపోయింది. నువ్వు అత్తమ్మ ఇంట్ల ఉన్నప్పుడే దహనం చేశినం."

"నాకెందుకు చెప్పలే?"

"ఏడుస్తవని."

"అమ్మ పోతే ఏడ్వొద్దా?"

ప్రహ్లాద్ గడప కాడ కూలబడి ఏడ్సిండు. లోపలోళ్లు ఒక్కొక్కలు లేశొచ్చి ఆయన చుట్టు కూసున్నరు. ఊకోమని ఎవ్వలు అనలే.

ఏడ్పు ఆగినంక ప్రహ్లాద్ అడిగిండు, "అమ్మ పేరు మీద కాకి పిట్టకు బువ్వ పెట్టిండ్రా?"

"మూడో దినమే పెట్టినం."

"నేను పెట్టలే."

"ఇన్నొద్దులకు ఎవ్వలు పెట్టరు రా..." అనవోయి, తమ్ముని మొకం చూసి ఆగిండు. "పెడ్దువు తియ్యి."

తెల్లారి తమ ఇంటి మిద్దె మీద, ప్రహ్లాద్ ఇస్తరిల బువ్వ, అమ్మకిష్టమైన బోటి కూర తన చేతులతోని పెట్టి ఎనుకకు జరిగిండు. పిట్ట జల్ది రాలే. పక్క హాస్టల్ల బకీట్ల చప్పుడు. ఎండ ఎక్కుతుంది.

"నీకు ఆఫీసు ఉంది గద అన్నా, నువ్వు పో. నేనుంట."

గోవర్ధన్ పోలే. చెప్పులు ఇడ్సి, తమ్ముని పక్కపొంటి కూసున్నడు.