కుసుమ నాలుగు నెలలు

ప్రమీలమ్మ ఇంట్లో ఆడవాళ్లు నెలసరి రోజుల్లో దేవుడి గదిలోకి వెళ్లరు. కూతురు కుసుమ రెంటచింతల నుంచి మాచర్లకు వెళ్లి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. రోజూ బస్సెక్కే ముందు దీపం పెట్టి వెళ్లడం ఆ పిల్ల అలవాటు. ఒక పొద్దున ఆ దీపం చూస్తూ ప్రమీలమ్మ వేళ్లు మడిచింది. ఒక్క రోజు కూడా మానకుండా కూతురు దీపం పెట్టబట్టి నాలుగు నెలలు.

బస్సుకు బయల్దేరుతున్న పిల్లను గుమ్మం దగ్గరే ఆపింది.

"ఏమే, నువ్వు బయటచేరి ఎన్నాళ్లయిందే?"

"నాలుగు నెలలమ్మా. నేనే చెబుదామనుకుంటన్నా..."

"ఎవడే వాడు?"

ఆ మాట అర్థం కావడానికి కుసుమకు కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. తల్లి మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది. ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకుని ప్రమీలమ్మ చెంప ఛెళ్లుమనిపించింది.

మాచర్లలో అయితే ఎరిగినవాళ్లు ఎదురుపడతారు. అందుకని భర్త వెంకట్రామయ్యతో పిల్లకు పంటి నొప్పని చెప్పి, నరసరావుపేట తీసుకుపోయింది. దారి పొడవునా కూతురి ఫోను తన సంచిలోనే ఉంచుకుంది.

డాక్టరు సుకన్య మొదట ప్రమీలమ్మను బయట కూర్చోమంది. లోపల పిల్ల ఎవరి పేరు చెబుతోందోనని ఆమె ఒళ్లంతా చెవులు చేసుకుంది. ఒక్క ముక్కా వినపడలేదు. పరీక్షలు, స్కానింగ్ అయ్యాక లోపలికి పిలిచారు.

"మీ అమ్మాయికి గర్భం ఏం లేదమ్మా. దీన్ని పీసీఓఎస్ అంటారు."

"అమ్మయ్య! జబ్బేనా!" అనేసింది ప్రమీలమ్మ. నోరు జారిన మాట. కుసుమ తల తిప్పి తల్లిని చూసింది. ఆ చూపు చెంపదెబ్బ తిన్న రోజు చూపుకంటే కఠినంగా ఉంది.

డాక్టరు నిదానంగా చెప్పింది. నెలనెలా పక్వానికి రావాల్సిన అండాలు సగంలోనే ఆగిపోతున్నాయి. ఒంట్లో మగ హార్మోను కొంచెం పెరిగింది. గడ్డం కింద వెంట్రుకలు అందుకే. మెడ నలుపు, పెరిగిన బరువు కూడా దీనితో ముడిపడినవే.

"పెళ్లి చేస్తే సర్దుకుంటదంటారుగా?"

"పెళ్లి మందు కాదమ్మా. ఇది అదుపులో పెట్టుకోవాల్సింది. రోజూ నడక, అన్నం తగ్గించి పప్పూ కూరా పెంచడం, నేనిచ్చే మాత్రలు. నెలసరి రాక మూడు నెలలు దాటితే ఊరుకోకూడదు, గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. పిల్లలు చాలామందికి పుడతారు, కొందరికి వైద్య సాయం కావాలి. ఆ భయం ఇప్పుడొద్దు."

తిరుగు బస్సులో ప్రమీలమ్మ ఫోను తీసి కూతురి ఒళ్లో పెట్టింది.

"తప్పయిందే తల్లీ."

"పోయిన ఎండాకాలం నా మెడ చూపించి, ఇదేందమ్మా అనడిగా. సున్నిపిండి పెట్టి రుద్దమన్నావు. గడ్డం కింద వెంట్రుకలు చూపిస్తే నవ్వావు. అప్పుడు కనపడలేదు, ఇప్పుడు మాత్రం ఎవడో కనపడ్డాడు నీకు."



మర్నాటి నుంచి ప్రమీలమ్మ రాత్రిపూట జొన్నరొట్టె కాల్చింది. తెల్లవారుజామున కూతురి వెంట తానూ కాలవ కట్ట మీద నడిచింది. కుసుమ వద్దనలేదు, మాట్లాడనూ లేదు. మాత్రలు వాడాక నెలసరి వచ్చింది. ఆ సంగతి కూతురు చెప్పలేదు. పెరట్లో తీగ మీద ఆరేసిన ముట్టు గుడ్డలు చూసి తెలుసుకుంది తల్లి. మరుసటి నెల మళ్లీ రాలేదు. గదిలో తలుపేసుకుని కుసుమ ఏడవడం వినపడి కూడా, తలుపు తట్టడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

రెండోసారి కుసుమ ఆసుపత్రికి బయల్దేరుతుంటే, "నేనూ రానా?" అంది ప్రమీలమ్మ.

"నే పోయొస్తాలే."

మధ్యాహ్నం ఫోను మోగింది.

"అమ్మా, డాక్టరుగారు అడుగుతున్నారు. మన ఇంట్లో ఎవరికన్నా షుగరుందా?"

"మీ అమ్మమ్మకుండేదమ్మా. నలభై దాటకముందే వచ్చింది. నేను ఎప్పుడూ చూపించుకోలేదు."

అటువైపు కుసుమ ఆ మాటే డాక్టరుకు చెప్పడం వినపడింది.

"నువ్వు కూడా చూపించుకో," అని కుసుమ ఫోను పెట్టేసింది.