నేర్పినవారి పేరు

“ఇవాళ ఎర్ర తేదీగా, మీ లైబ్రరీ మూతే. ఈ మిరపకాయల సంగతి తేల్చేద్దాం రా,” అంటూ మా అత్తయ్య పొద్దున్నే హాల్లో పాత పేపర్లు పరిచి గోతాం బోర్లించింది. ఒక్కో ఎండుమిరపకాయనీ గుడ్డతో తుడవాలి, తొడిమ తీయాలి, పుచ్చువి ఏరి పారేయాలి. చలికాలం కిమ్చి పచ్చడికి కారం ఆడించే ముందు ఏటా ఈ పని నాదే. క్యాలెండరులో అంకె నల్లగా ఉన్నప్పుడు లైబ్రరీ నుంచి వచ్చాక చేసేదాన్ని. ఇప్పుడు ఎర్రబడింది కాబట్టి పొద్దున్నుంచే చేస్తున్నాను.

ఆ ఎర్ర తేదీ మా హంగుల్ దినం, మా కొరియా అక్షరాల పుట్టినరోజు. సెలవులు ఎక్కువైపోయి పనులు సాగడం లేదని ఇరవై రెండేళ్ల కిందట ప్రభుత్వం దాన్ని నల్ల తేదీ చేసేసింది. మళ్లీ సెలవు ఇవ్వడం ఈ ఏడే మొదలు. దానికోసం సంతకాలు సేకరించినవాళ్లలో నేనూ ఉన్నాను. లైబ్రరీకి వచ్చినవాళ్లనల్లా బతిమాలి నాలుగు వందల మంది చేత పెట్టించాను. మా నాన్న చేపల మార్కెట్లో ఐసు మోసేవాడు. మా వైపు డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఈ అక్షరాలు లేకపోతే నేను లేనని నిజంగానే నమ్మాను.

మా ఆయన తేగొన్ సోఫాలో కూర్చుని టీవీలో ఉత్సవాలు చూస్తున్నాడు. “దేశం పుట్టి వేల ఏళ్లయింది. మనమెవరమో మనకి గుర్తుచేయడానికి ఒక రోజు కావాలా? సొంత ఇంటి అడ్రసు మర్చిపోయినవాడికి కావాలి అలాంటి రోజు,” అన్నాడు.

“కావాలి బావగారూ,” అంది నా తోటికోడలు దాఇన్. “వేరేవాళ్లు ఏలినప్పుడు బళ్లో ఈ అక్షరాలు రాయనివ్వలేదు. అప్పుడు పోగొట్టుకున్నది మన పేరే కదా! ఏడాదికి ఒక్కరోజైనా అందరం కలిసి గట్టిగా చెప్పుకోవద్దూ?”

“అబ్బో, సియోల్ కోడలు గారు ఉపన్యాసం ఇచ్చేస్తోంది,” అని ఆయన నవ్వాడు. మురిపెంగా నవ్వాడు. సంతకాల కాగితాలు పట్టుకుని ఇదే మాట నేను అన్న రోజున, “పులుసులో ఉప్పు చూశావా?” అని అడిగిన మనిషి ఆయన.

దాఇన్ మా మరిది భార్య. సియోల్లో ఉద్యోగం. సెలవని ఇద్దరూ రాత్రే వచ్చారు. “గోళ్ల రంగు నిన్ననే వేయించుకున్నాను అక్కా, కారం తగిలితే పాడవుతుందేమో,” అంటూనే కాసేపు నా పక్కన కూర్చుని నాలుగు తొడిమలు తీసి తుమ్ముతూ లేచిపోయింది. చెడ్డపిల్ల కాదు. అదే నా బాధ. చెడ్డదైతే నాకు సుఖంగా ఉండేది. పెళ్లయి మొదటిసారి వచ్చినప్పుడు, “నన్ను పేరుతో పిలవండి అత్తయ్యా, నాకలా ఇష్టం,” అంది. అంతే, ఇంటిల్లిపాదీ దాఇన్, దాఇన్ అనడం మొదలుపెట్టారు. అలా అడగొచ్చని నాకు తెలియదు. పద్నాలుగేళ్లుగా నేను సోదమ్ అమ్మని. సోదమ్ పుట్టకముందు పెద్దకోడల్ని. వీళ్లింట్లో వేరే పిలుపు లేదు. నిజం చెప్పాలంటే టీవీలో ఆ అక్షరాలకి రంగురంగుల దీపాలు పెడుతుంటే నాకు వాటిమీద కూడా కుళ్లు పుట్టింది. ఒకప్పుడు వాటినీ ఆడవాళ్ల రాత అని వెక్కిరించారు. ఇప్పుడు వాటికి పుట్టినరోజు, సెలవు, మంత్రుల దండాలు. లిపిని చూసి అసూయపడిన మనిషిని ఈ దేశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

పదకొండింటికి అత్తయ్య ఒక కాగితం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆవిడకి డెబ్బై నాలుగు. ఆడపిల్లకి చదువెందుకని బడికి పంపలేదట. రెండు చలికాలాలు వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి నేనే రాయడం నేర్పాను. అంట్లు కడిగాక, సోదమ్ చేత హోంవర్కు చేయించాక. ఆ మధ్యాహ్నం ఊరి సభలో, పెద్దవయసులో అక్షరాలు నేర్చినవాళ్ల రాతలు గోడకి తగిలిస్తారు. ఆవిడదీ ఎంపికైంది.

“తప్పులుంటే చూసిపెట్టు. నలుగురూ నవ్వకూడదు.”

చదివాను. బస్సు బోర్డు చదివి ఒంటరిగా ఆసుపత్రికి వెళ్లొచ్చిందట. మందు పొట్లం మీద పేరు చదివిందట. చివర్లో ఇలా ఉంది: కూతురికంటే మేలైన మా చిన్నకోడలు దాఇన్ నాకు పెన్సిళ్ల పెట్టె కొనిచ్చింది.

అంతే. పెన్సిళ్ల పెట్టె. కాగితం అడుగున అచ్చు వేసిన గీత ఉంది, ‘నేర్పినవారి పేరు’ అని. అక్కడ ‘పెద్దకోడలు’ అని రాసింది.

అప్పుడే ఆ తప్పు కనిపించింది. ‘మేలైన’ అన్నా, బిడ్డని ‘కన్న’ అన్నా మా భాషలో పలకడానికి ఒకటే. రాసేటప్పుడే తేడా. ఒకదానికి కింద వత్తు ఉండదు, రెండోదానికి ఉంటుంది. అత్తయ్య లేని వత్తు పెట్టింది. చూసేవాళ్లకి అది కూతురికంటే కన్న చిన్నకోడలు అవుతుంది. గోడ ముందు నిలబడి ఊరంతా పగలబడి నవ్వుతుంది. నవ్వనీ అనిపించింది.

“తప్పుల్లేవు అత్తయ్యా,” అన్నాను.

ఆవిడ ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి కూడా నేను మాట మార్చలేదు.

పన్నెండింటికి వంటింట్లో ముల్లంగి తరుగుతుంటే అత్తయ్య వెనకే వచ్చింది, అన్నం గిన్నె కోసం. ఉండబట్టలేక, “దాఇన్ పేరు ఎంత బాగా రాశారో,” అన్నాను.

“అదా! పెట్టె మీద చీటీ అంటించి ఇచ్చిందిగా, ప్రేమతో దాఇన్ అని. చూసి దించాను. పదిసార్లు రాస్తే వచ్చింది.” గిన్నె తుడుస్తూ మామూలుగా అంది, “నీదీ రాద్దామనుకున్నానే. ఎక్కడైనా చూసి దించుదామంటే ఇంట్లో ఎక్కడుందీ? తలుపు మీద వాడి పేరు, కరెంటు బిల్లు మీద వాడి పేరు. నువ్వైనా నేర్పలేదు. రాత పుస్తకంలో కుటుంబం పేజీలో పెద్దకోడలు అని రాసిచ్చావు. నువ్విచ్చిందే రాశాను.”

నిజమే. ఆవిడ పేరు నేర్పాను. కొడుకుల పేర్లు, మనవరాలి పేరు, చచ్చిపోయిన మామగారి పేరు నేర్పాను. నా దగ్గరికి వచ్చేసరికి నా చేత్తో నేనే, పెద్దకోడలు అని అందంగా గుండ్రంగా రాసిచ్చాను. మా ఆయనకి అలాంటి రోజు ఎందుకు అక్కర్లేదో అప్పుడు తెలిసింది. రోజూ పేరుతో పిలిపించుకునేవాడికి ప్రత్యేకంగా ఒక రోజు ఎందుకు?

చేతులు కడుక్కున్నాను. “ఆ కాగితం తీసుకురండి అత్తయ్యా. తప్పుంది.”

“లేదన్నావుగా?”

“పొద్దున చూశాను. చెప్పలేదు.”

“ఎందుకని?”

“కుళ్లు.”

“ఎవరి మీద?”

“దాఇన్ మీద. మీ మీద. అన్నిటి మీదా.”

“మా అత్త నా తోటికోడలికి పట్టు గుడ్డ పెట్టి నాకు నూలు గుడ్డ పెడితే నేను అత్త పులుసులో రెండు గుప్పిళ్లు ఉప్పేశాను. నీది వత్తేగా,” అంది. నాకు నవ్వొచ్చింది, కానీ కుళ్లు పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

వత్తు చెరిపేసింది. దాఇన్ వాక్యం అలాగే ఉంచాం, అది నిజమే కాబట్టి. అడుగున పెద్దకోడలు అన్నది నేను చెరిపాను. ఖాళీలో నేను రాయలేదు. వేరే కాగితం మీద రాసి ఆవిడ ముందు పెట్టి పెన్సిల్ చేతికిచ్చాను.

హాల్లోంచి మా ఆయన కేకేశాడు. “సోదమ్ అమ్మా, భోజనం ఇంకా కాలేదా? రెండింటికి సభ!”

“కుక్కర్లో అన్నం ఉంది, పొయ్యి మీద పులుసుంది. వడ్డించుకోండి,” అన్నాను, తల తిప్పకుండా.

అత్తయ్య నాలుక బయటపెట్టి, ఒక్కో గీతా గీస్తోంది. రెండు అచ్చులు కలిసిపోయే చోట పెన్సిల్ తడబడింది. చెరిపింది, మళ్లీ గీసింది.

“వొన్‌హే,” అని కూడబలుక్కుని, విసుగ్గా నా వైపు చూసింది. “ఇంత కష్టమైన పేరు పెట్టారేమిటే నీకు?”

“పలకడానికి తేలికే అత్తయ్యా,” అన్నాను. “ఎవరూ పలకలేదంతే.”