నాంచారమ్మ కాలిలో ఐదు నెలలు

నేను ఒక ఉక్కు ప్లేటును. జానెడు పొడవు, ఎనిమిది రంధ్రాలు, నడుము దగ్గర చిన్న వంపు. అన్నం తినే ప్లేటునని పొరబడకండి, విరిగిన ఎముక అతుక్కునేదాకా పట్టి ఉంచే ప్లేటును. ఇప్పుడు నేనే రెండు ముక్కలయ్యాను. అందుకు నేను సిగ్గుపడను. సిగ్గుపడవలసినవాళ్ళు వేరే ఉన్నారు.

నా వంపు గీసింది బెజవాడలో పేరున్న ఎముకల డాక్టరు వేదాద్రిగారు. పేటెంటు ఆయనదే. నన్ను ఎవరి కాలికి బిగించినా ఆయనకు వాటా వస్తుంది. అందులో తప్పేమీ లేదు, బుర్ర పెట్టి గీశారు మరి. కానీ నేను పనికొస్తానో లేదో రోగుల మీద పరీక్షించి తేల్చే పని కూడా ఆయనే నెత్తికెత్తుకున్నారు. ఆ పరీక్షకు అనుమతి ఇచ్చే ఆసుపత్రి నైతిక సంఘంలోనూ ఆయన సభ్యుడే. సొంత వ్యవహారం చర్చకు వస్తే సభ్యుడు లేచి బయటికి వెళ్ళాలని అక్కడ నియమం. ఆయన పేటెంటు మాటా ఎత్తలేదు, కుర్చీలోంచీ కదలలేదు. పైగా ముచ్చటపడి నా వీపు మీద తన పేరు చెక్కించుకున్నారు. మనుషులకు పేరు పిచ్చి ఇంతా అంతా కాదు.

పెడనలో గుంట మగ్గం నేసే నాంచారమ్మ మెట్ల మీద జారిపడి మోకాలి కింది ఎముక విరగ్గొట్టుకుంది. అలా నేను ఆమె కాలిలోకి చేరాను. సంతకం పెట్టించుకున్న కాగితంలో ఇది కొత్త ప్లేటు అని మాత్రమే ఉంది, ఎవరిదో లేదు. ఐదో నెలలో ఆమె మంచం దిగి నాలుగడుగులు వేసిందో లేదో, వంపు దగ్గర పుటుక్కున విరిగాను.

వేదాద్రిగారు ఎక్స్‌రే చూసి, "వద్దంటే మగ్గంలోకి దిగుంటావు" అని తేల్చేశారు. పచ్చి అబద్ధం. ఆ కాలు ఒక్కసారి కూడా మగ్గం తొక్కలేదు. ఆ కాలిలో ఉన్నది నేను, ఆయన కాదు. ఆ రోజు నుంచి ఆయనను గారు అనడం మానేశాను.

మళ్ళీ ఆపరేషన్ చేసి నన్ను తీసి, పాతరకం ప్లేటు బిగించారు. తీసేసిన ప్లేటును రోగి చేతికే ఇవ్వడం ఆ ఆసుపత్రిలో ఆనవాయితీ. నర్సు సుభాషిణి నా ముక్కలు కడిగి సీసాలో వేసి ఇస్తూ, "దీని మీద మన డాక్టరుగారి పేరే ఉందమ్మా. కనిపెట్టింది ఆయనేగా, పేటెంటూ ఆయనదే" అంది గొప్పగా.

"ఆ ముక్క నాకెవరూ చెప్పలేదే!" అంది నాంచారమ్మ.

మర్నాడు వేదాద్రి వచ్చాడు. "ఆ ప్లేటు ఇటివ్వమ్మా. ఎందుకు విరిగిందో పరీక్ష చేయిస్తా."

"పరీక్ష మీరే రాసుకుని మీరే దిద్దుకుంటారా బాబూ? నేనివ్వను."

సీసాను దిండు కింద దోపుకుంది. నాకు ఎంత గర్వమనిపించిందో! ఇంకా ముప్పై మంది కాళ్ళలో నా తోబుట్టువులు ఉన్నారు. నేను ఆయన చేతిలో పడితే వాళ్ళ సంగతి ఇక బయటికి రాదు.

సుభాషిణి రాసిపెడితే నాంచారమ్మ ఆసుపత్రి నైతిక సంఘానికి అర్జీ ఇచ్చింది. రమ్మన్న రోజు చేతికర్ర పట్టుకుని వెళ్ళింది. వేదాద్రి ఎప్పటిలాగే తన కుర్చీలో ఉన్నాడు. సంఘం అధ్యక్షురాలు సీసా అడిగింది.

"ముందు ఆయన్ని బయట కూర్చోబెట్టండమ్మా. అప్పుడే మూత తీస్తా."

కూర్చోమని కుర్చీ చూపించినా కూర్చోలేదు. "ఆయన లేచిందాకా ఈ కాలి మీదే నిలబడతా" అంది. చేతికర్ర గట్టిగా నేలకు ఆనించింది. అధ్యక్షురాలు వేదాద్రి వైపు చూసింది. ఆయన లేచాడు. తలుపు మూసుకున్నాకే నాంచారమ్మ మూత తీసింది.

నాలో ఒక ముక్క వేరే ఊరి ప్రయోగశాలకు వెళ్ళింది. వంపు దగ్గర బలం చాలదని అక్కడ తేలింది. రోగుల మీద పరీక్ష ఆగిపోయింది, ముప్పై మందికీ కబురు వెళ్ళింది.

రెండో ముక్కను నాంచారమ్మ మగ్గం పక్క గోడకు వేలాడదీసింది. ఇప్పుడు ఆ కాలు మళ్ళీ మగ్గం తొక్కుతోంది. నా వీపు మీది పేరు గీకేద్దామని కోడలు ఆకురాయి తెస్తే, "ఉండనీవే" అంది. నన్ను చూడటానికి ఎవరొచ్చినా, ముందు ఆ పేరే చదివిస్తుంది.