రంభాజీ పాటిల్ మర్యాద

ఆ ఏడు ఖడక్‌వాడిలో వాన ముఖం చాటేసింది. జొన్న మోకాలెత్తు ఎదగకుండానే మాడిపోయింది. శిస్తు మాఫీ చేయమని ఊరంతా అర్జీ పెట్టుకుంటే, పంట చూసి తేల్చడానికి తెల్లదొర స్వయంగా వస్తున్నాడని తాలూకా నుంచి కబురొచ్చింది.

ఎండిన చేలు చూపించి పంపితే సరిపోయేది. కానీ ఊళ్లో శిస్తు వసూలు చేసే రంభాజీ పాటిల్‌కి దొర ముందు తన దర్జా ముఖ్యం. ఇల్లిల్లూ తిరిగి గోధుమలు, బెల్లం, నెయ్యి ఊడ్చుకొచ్చాడు. చివరికి మొగుడు పోయిన గుణాబాయి వాకిట్లోకొచ్చి, పాలిచ్చే మేక తాడు విప్పాడు.

"దొర వచ్చేది మన కరువు చూడ్డానికా, నీ వంట చూడ్డానికా?" అంది గుణాబాయి.

"నీకు తెలీదు వదినా. గొప్పవాళ్లని గొప్పగా చూస్తే మనసు మెత్తబడుతుంది."

"మెత్తబడేది నా మేక. దొర మనసు సంగతి నాకు తెలీదు."

దొర వచ్చాడు. డేరాలో కూర్చుని మేక కూరా, పూరణ్ పోళీ బొబ్బట్లూ తిని కునుకు తీశాడు. ఎండ తగ్గాక గుర్రమెక్కి, బాట మీద నుంచే చేల వైపు ఓ చూపు విసిరాడు. రైతులెలా ఉన్నారని గుమాస్తా చేత అడిగించాడు. ఇప్పుడైనా పాటిల్ నిజం చెబుతాడని గుణాబాయి జనంలో నుంచి మెడ సాచి చూసింది.

పాటిల్ నడుము సగానికి వంచి, "తమ చల్లని నీడలో ఏ లోటూ లేదు ప్రభూ" అన్నాడు.

పెద్దవాళ్లెవరు కనబడ్డా అతని నోటికొచ్చేది ఆ ఒక్క మాటే. దొరకీ అంతకంటే కావలసిందేమీ లేదు.

మాఫీ రాలేదు. అణా తగ్గకుండా కట్టాలని హుకుం వచ్చింది. పాటిల్‌కి మాత్రం జరీ తలపాగా బహుమానంగా వచ్చింది. అది చుట్టుకుని పెళ్లికొడుకులా వీధులన్నీ తిరిగాడు. ఎవరూ చూడకపోతే దగ్గేవాడు.

గడువు దాటగానే గుణాబాయి ఇంటికి జప్తుకి వచ్చాడు. ఇత్తడి బిందె, రెండు రాగి గిన్నెలు తీసి వాకిట్లో పెట్టాడు.

"నన్నేం చేయమంటావు వదినా, పైవాళ్ల హుకుం."

"ఏ లోటూ లేని ఇల్లు కదా, తీసుకుపో."

సామాను తాలూకా కచేరీకి మోయమని ఊరి కావలివాడు ఖండూకి చెప్పాడు.

"నడుం పట్టేసింది పాటిల్" అన్నాడు ఖండూ, నిటారుగా నిలబడే.

మంగలి శివబాని పిలిచాడు.

"ఈ చేతులు బిందెలు మోస్తే రేపు నీ గడ్డం మీద కత్తి వణుకుతుంది పాటిల్. ఆనక నన్ననొద్దు."

బండి అడిగితే ఎద్దులకి ఒంట్లో బాగాలేదన్నారు. జనం గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ రామ్‌రామ్ అని పలకరించలేదు.

చివరికి పాటిల్ తలపాగా తీసి చంకలో ఇరికించుకుని, గిన్నెలు బిందెలో పడేసి, బిందె నెత్తికెత్తుకుని తాలూకా దారి పట్టాడు.

కచేరీ జవాను అతన్ని గిన్నెలమ్ముకునేవాడనుకుని పెరటి వైపు తరిమాడట. సంతకెళ్లిన శివబా చూసొచ్చి, ఆ తరమడం ఎలాగో గుణాబాయికి నడిచి మరీ చూపించాడు.

ఆమె పొరుగింట్లో అడిగి తెచ్చుకున్న మట్టికుండ తోముతోంది. "నా బిందె ఎవరు కొన్నారు?" అంది.

"ఎవరూ కొనలేదు మావ్శీ. అన్ని ఊళ్ల బిందెలూ తెచ్చి కచేరీ వెనక గుట్టలు పోశారు. కొనడానికి ఎవరి దగ్గర డబ్బుందని?"