నీడన ఆరాల్సిన కుర్చీ

నేను ఒక పేము కుర్చీని. నాది బర్మా టేకు ఒళ్లు. కాకినాడ రేవులో ఓడల సరుకు దింపించే ఒక గుమాస్తా కోసం నన్ను చేశారు. ఆయన తర్వాత ఒక ప్లీడరు, ఆ తర్వాత ఒక హోమియో డాక్టరు. ముగ్గురూ నన్ను "నా కుర్చీ" అనే అన్నారు. లేచి వెళ్లిపోయింది మాత్రం వాళ్లే, నేను కాదు.

డాక్టరుగారి కోడలు దమయంతి టీచరు, ఫ్యాషనని నా అల్లిక మీద స్పాంజీ, ఎర్ర రెగ్జినూ కప్పించి వరసగా మేకులు కొట్టించింది. ఇరవై ఏళ్లు ఊపిరాడక చచ్చాను. పాత కుర్చీల మీద జనానికి మళ్లీ మోజు పుట్టగానే అవన్నీ పీకించి, పేము అల్లే ముత్యాలును పిలిపించింది.

అతను చేతికర్ర తాటించుకుంటూ వచ్చాడు. మనిషికి చూపు లేదు! పోయి పోయి నన్ను ఇతని చేతిలో పెట్టారేమిటని బెంబేలెత్తిపోయాను. అతను నా చట్రం చుట్టూ ఉన్న బెజ్జాలు ఒక్కొక్కటే వేలితో తడిమి, నానిన పేము బద్దలను నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా దూర్చి నాలుగు రోజుల్లో అల్లేశాడు. అల్లికలో ఒక్క కన్ను తప్పలేదు. నాకే సిగ్గేసింది.

"కుర్చీ ముందుపక్క కర్ర మేకులకి గుల్లయిపోయిందండమ్మా. పేము ఆరేటప్పుడు బిగుస్తాది. రెండ్రోజులు నీడనే ఉంచండి. ఎండలో మాత్రం ఎట్టకండి," అన్నాడు. "ఇది బాగుంటే లైబ్రరీ కుర్చీలు నలభయ్యీ నాకే ఇత్తామన్నారు కదండీ. అయ్యొస్తే ఏడాది పాటు ఇంకోళ్ల గుమ్మం ఎక్కక్కర్లేదండి."

దమయంతి టీచరు ఆ లైబ్రరీ కమిటీలో ఉంది. కమిటీవాళ్లు మర్నాడు మధ్యాహ్నమే చూడటానికి వస్తున్నారు. తడి కుర్చీ చూపించడం ఆవిడకు నామోషీ. పొద్దున్నే నన్ను డాబా మీదికి ఈడ్చి వైశాఖపు ఎండలో పడేసింది. పేము బిగిసింది, ఇంకా బిగిసింది. ఫట్! నా ముందు కర్ర నిలువునా చీలింది. టీచరు పరుగున వచ్చి చూసి కొయ్యబారిపోయింది. వీధిలో కారు ఆగిన చప్పుడు వినగానే గబగబా నన్ను హాల్లోకి దింపింది.

ముత్యాలు కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి వచ్చిన కమిటీ సెక్రటరీ చీలిక చూసి, "ఇదేంటండీ?" అన్నాడు.

"మరీ బిగించి అల్లాడండీ. చూపు లేనివాడు కదా, అంచనా తెలీలేదు," అంది టీచరు.

నేను నివ్వెరపోయాను. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన నోరది!

ముత్యాలు వచ్చి నన్ను తడిమాడు. "కర్ర ఇంకా కాలతానే ఉందమ్మా. ఎండలో ఎట్టారా?"

"లేదే! ఇక్కడే ఉంది, ఫ్యాను కింద."

అతని వేళ్లు చీలిక వెంట ఆ చివరిదాకా వెళ్లాయి. "ఎట్టలేదంటే ఎట్టలేదండి," అని, చేతికర్ర వెతుక్కుని మెట్లు దిగిపోయాడు. లైబ్రరీ కుర్చీలకు ప్లాస్టిక్ వైరు అల్లించారట.

ఇప్పుడు నేను పాత సామాన్ల కొట్టులో పడి ఉన్నాను. బేరానికి వచ్చినవాళ్లు నా అల్లిక మీద చెయ్యి వేసి, "ఎంత బాగా అల్లాడో!" అంటారు.

"ఎవడో గుడ్డోడంటండి. ఆడే చెడగొట్టాడంట," అంటాడు కొట్టువాడు.

ఎన్నిసార్లు విన్నా అదిరిపడుతూనే ఉన్నాను. నాకు నోరుంటే ఆ రోజే, ఆ హాల్లోనే చెప్పేదాన్ని. మీరైనా వినండి. నన్ను ఎండలో పెట్టింది దమయంతి టీచరు.