అయస్కాంతం రెండో ముక్క

షెడ్డులో కారు లేదని చూశాక కూడా రేడియో బాబాయి కంగారు పడలేదు. రేడియోలూ టీవీలూ బాగుచేస్తాడు గనక వీధిలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని మరీ బయల్దేరాడు.

కారు ఎక్కడుంటుందో ఆయనకు తెలుసు. నాలుగు రోడ్ల కూడలి దాటదు. బండి ఎవరూ ఎత్తుకుపోకుండా, నెలరోజులు కళ్ళు మండేలా కూర్చుని, పాత సెట్ల లోంచి పీకిన ముక్కలతో సొంతంగా సర్క్యూటు కట్టి అందులో బిగించాడు. తాళంచెవి తిప్పాక డాష్‌బోర్డు మీద ఒకే ఒక్క చోట అయస్కాంతం ఆనించాలి. ఆనిస్తే బండి బుద్ధిగా నడుస్తుంది. లేదంటే రెండు నిమిషాలకు ఇంజనుకి పెట్రోలు అందడం ఆగిపోయి, హారన్ ఊరంతా వినేలా ఏడుస్తుంది.

పాత స్పీకరు అయస్కాంతాన్ని రెండు ముక్కలు చేశాడు. ఒకటి తన తాళాల గుత్తికి, రెండోది ఇంట్లో ఇనప బీరువా తలుపుకి, కరెంటు బిల్లు జారిపోకుండా.

కూడలిలో తాళాలు చేసేవాడు తల ఎత్తాడు.

"మా బండి ఇక్కడెక్కడో ఆగి గోల చేసుండాలే?"

"ఆగడమేంటి బాబాయ్, అరగంటయింది వెళ్ళి. మలుపు లైటు కూడా వేసి పద్ధతిగా తిరిగింది. మీరేననుకున్నా. ఏం, మీ సర్క్యూటు పెట్టెకి నిద్ర పట్టిందా?"

బాబాయి నవ్వబోయాడు, రాలేదు. జేబులో తన ముక్క చల్లగా తగిలింది.

సర్క్యూటు తప్పు కాదు, పదిసార్లు చూశాడు. ఇదివరకోసారి బండి తీసుకెళ్ళిన బామ్మర్దికి అయస్కాంతం ఆనించే పాత చోటు తెలుసు. అందుకే పోయిన ఆదివారం బాబాయి దాన్ని మార్చేశాడు. సీటు కింద దూరి తీగ అతుకుతుంటే టార్చిలైటు పట్టుకున్నది భార్య ఒక్కతే. "ఇక ఇది నీకూ నాకూ మాత్రమే తెలుసు" అన్నాడు కూడా.

ఇంటికొచ్చేసరికి కరెంటు బిల్లు నేలమీద పడివుంది.

ఆవిడ బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"వాడికి చోటు చెప్పావా?"

"చెప్తే అర్థమయ్యేలా లేదండీ." ఒక వడ్లగింజ ఏరి పడేసింది. "రెండో తాళంచెవి ఇచ్చి, నేనే కారులో కూర్చుని ఆనించి చూపించాను."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"రెండు రోజులకేనన్నాడు. మిమ్మల్నడిగితే ఇస్తారా? పోయినసారి తలుపు సొట్ట పడిందని ఏడాది దెప్పారు మా తమ్ముణ్ణి."

"సొట్ట పడినందుకు కాదు. పడలేదని నా మొహం మీదే అబద్ధమాడినందుకు." లేచి బీరువా తెరిచాడు. పై అర ఖాళీ. "కారు కాయితాలు కూడా నువ్వే ఇచ్చావా?"

చేటలో ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "కాయితాలా? లేదండీ. మంచినీళ్ళు తాగొస్తానని లోపలికొచ్చాడు, అంతే."

ఇద్దరూ ఆ ఖాళీ అరనే చూశారు. తిరిగొచ్చే బండికి కాయితాలతో పనిలేదని ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

"పోలీసులకి చెప్దామా?" అంది చిన్న గొంతుతో.

"ఏమని? తాళం పగల్లేదు, తీగ తెగలేదు. మా ఆవిడే కూర్చుని నేర్పిందని రాయించనా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంటే ఆయన అటు తిరగలేదు. గుత్తి లోంచి తన ముక్క ఊడదీశాడు. నేల మీది బిల్లు తీసి, దుమ్ము దులిపి, బీరువా తలుపుకి ఆనించి, దానిమీద ఆ ముక్క పెట్టాడు. టక్కున అతుక్కుంది.